నా నంబర్ వన్ ఆటగాణ్ని తీసుకుపోయిన యూనివర్సిటీ ఇప్పుడు నన్నే రమ్మంటోంది

అమెరికాలో ఒక చిన్న యూనివర్సిటీ పురుషుల టెన్నిస్ జట్టుకి హెడ్ కోచ్‌గా పనిచేస్తున్న పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు, కాలేజీ ఏవీ బయటపెట్టొద్దన్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆయనకి 40 ఏళ్లు. పుట్టింది, పెరిగింది విజయవాడ. నాన్నగారు ఆర్టీసీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో మునిసిపల్ కోర్టుల్లో ఆట నేర్చుకుని, 2004లో టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లారు. డిగ్రీ అయ్యాక ప్రొఫెషనల్ టోర్నీలు ఒక ఏడాది ప్రయత్నించి, డబ్బులైపోయి, మళ్లీ కాలేజీకే వచ్చి పీజీ చేస్తూ జట్టుకి సాయం చేశారు. తర్వాత వేరే చోట అసిస్టెంట్ కోచ్. 2015 నుంచి ఇప్పుడున్న చోట హెడ్ కోచ్. "నేను చేరేనాటికి మా జట్టు కాన్ఫరెన్స్‌లో (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగు) ఆఖరు. నాలుగో ఏడాది టైటిల్ కొట్టాం. ఇప్పటికి ఐదు. మూడుసార్లు ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది. జాతీయ టోర్నీకి వెళ్లిన ప్రతిసారీ మొదటి రౌండ్లోనే పెద్ద జట్టు చేతిలో ఓడి ఇంటికొచ్చాం" అని రాశారు.

రెండేళ్ల కిందట, ఆయన మూడేళ్లు తీర్చిదిద్దిన నంబర్ వన్ ఆటగాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో (కాలేజీ మారదలచిన ఆటగాళ్ల జాబితా) పేరు వేసుకుని ఒక పెద్ద యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. "నారు పోసింది నేను, కోత వాళ్లది" అంటారు. ఆ రోజు నుంచి అతనితో మాటల్లేవు. ఇప్పుడు సరిగ్గా ఆ యూనివర్సిటీయే ఈయన్ని అసోసియేట్ హెడ్ కోచ్‌గా రమ్మంది. జీతం మూడో వంతు ఎక్కువ. అక్కడి హెడ్ కోచ్ "రెండు మూడేళ్లలో నేను తప్పుకుంటాను, తర్వాత ఈ కుర్చీ నీదే" అన్నాడట. మూడు వారాల్లో జవాబు చెప్పాలి.

ఇదికాక హైదరాబాద్ శివార్లలో అకాడమీ పెడతామంటున్న పరిచయస్తులు డైరెక్టర్‌గా రమ్మంటున్నారు. డల్లాస్ దగ్గర ఒక ప్రైవేట్ క్లబ్బు కూడా అడిగింది. నాన్నగారికి గత ఏడాది బైపాస్ అయింది. ఇప్పుడున్న కాలేజీలో ఖర్చులు తగ్గిస్తారన్న పుకారు ఉంది. రాజమండ్రి నుంచి తెచ్చిన కుర్రాడొకడు మొదటి ఏడాదిలో ఉన్నాడు. "నేనున్నాను కదండీ" అని వాళ్ల నాన్నకి మాటిచ్చారు. గ్రీన్ కార్డు వరసలో ఉన్నారు, ఐ-140 (దానికోసం యాజమాన్యం వేసే దరఖాస్తు) ఆమోదమై చాలా ఏళ్లయింది. భార్య హెచ్-4 (ఉద్యోగి జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద వర్క్ పర్మిట్‌తో ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. పాపకి పదకొండేళ్లు. "ఇంటికెళ్తే ఇప్పటికీ నేను టెన్నిస్ మాస్టార్నే. నాది సక్సెస్ అంటారా? ఉండనా, వెళ్లనా?" ఇదీ ప్రశ్న.

జవాబు

మీ ఉత్తరం మూడోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకున్నాను. గెలుపోటముల లెక్క రెండు పేజీలుంది. రాజమండ్రి కుర్రాడికి అర పేజీ ఇచ్చారు. వెళ్లిపోయినవాడు ఏడు చోట్ల తగిలాడు, ఒక్కచోట కూడా పేరుతో కాదు, "వాడు" అనే. మీ ఆవిడకి మాత్రం ఒకే ఒక్క వాక్యం: "తను ఎక్కడికైనా సరే అంటుంది." ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ముందు మాస్టారు సంగతి తేల్చేద్దాం. మనవాళ్లకి కాలేజీ కోచ్ అంటే డ్రిల్లు మాస్టారే గుర్తొస్తాడు, అందులో వాళ్ల తప్పేం లేదు. మీ పని ఎలా ఉంటుందో వాళ్లకెవరూ చెప్పలేదు. అక్కడి పోటీలో మూడు డబుల్స్ ఆడి అందులో రెండు గెలిచిన జట్టుకి ఒక పాయింటు, ఆ తర్వాత ఆరు సింగిల్స్‌కి ఆరు పాయింట్లు. ఏడింటిలో ముందు నాలుగు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. ఆరు కోర్టుల్లో ఒకేసారి ఆట నడుస్తుంటే ఎవరి పక్కన ఎప్పుడు నిలబడాలో తేల్చుకోవడమే ఒక విద్య. అదైనా కళ్లకి కనిపించే భాగం. కనిపించనిది లెక్కల పుస్తకం. మీ జట్టుకి స్కాలర్‌షిప్పులు మొత్తం నాలుగున్నర. దాన్ని ఒకడికి ముప్పావు, ఇంకొకడికి పావు అంటూ ఎనిమిది తొమ్మిది మందికి పంచి, అది చాలదనుకున్న తండ్రికి ఫోన్లో నచ్చజెప్పి, సముద్రాల అవతలి నుంచి పిల్లాణ్ని రప్పించి, వాడి మార్కులు పడిపోకుండా చూసి, వారానికి ఇరవై గంటలకి మించి సాధన చేయించకుండా గెలిపించాలి. మీరు పదేళ్లుగా చేస్తున్నది ఇది. ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. అవార్డు ఫొటో పంపితే ఎవరికీ అర్థం కాదు.

ఇక సక్సెసా కాదా అన్నది. ఈ వృత్తిలో కొలబద్ద ఒకటే ఉందని మీరు నమ్ముతున్నట్టుంది, అదేమో జాతీయ టైటిల్. స్టాన్‌ఫర్డ్ పురుషుల జట్టుకి డిక్ గౌల్డ్ 17 టైటిళ్లు తెచ్చారు. తర్వాత ప్రపంచ నంబర్ వన్ అయిన జాన్ మెకన్రో ఆయన దగ్గర ఆడినవాడే. అదే దేశంలో, మిన్నెసోటాలోని గుస్టావస్ అడాల్ఫస్ అనే చిన్న కాలేజీలో స్టీవ్ విల్కిన్సన్ 1971 నుంచి 2009 దాకా ఒకే కుర్చీలో కూర్చున్నారు. అది కాలేజీ క్రీడల్లో మూడో డివిజన్, అంటే అన్నిటికన్నా కింది మెట్టు, అక్కడ ఆటకి స్కాలర్‌షిప్పే ఇవ్వరు. ఆయన గెలిచిన మ్యాచ్‌లు 929, జాతీయ టైటిళ్లు రెండు. కాలేజీ టెన్నిస్ తెలిసినవాళ్లు ఇద్దరి పేర్లూ ఒకే గౌరవంతో తలుచుకుంటారు. అయితే ఒకటి: విల్కిన్సన్ జీవితం మీకు సరిపోతుందని నేననడం లేదు. ఆయనకి వీసా గొడవ లేదు. చిన్న చోటుని తనే ఎంచుకున్నవాడు వేరు, అక్కడ ఇరుక్కుపోయానని అనుకునేవాడు వేరు. మీరు రెండో రకమైతే అది ఒప్పుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

డల్లాస్ క్లబ్బుని మాత్రం ఒక్క మాటతో పక్కన పెట్టేద్దాం. మీ హెచ్-1బీ ఉద్యోగ వీసా మొదటి నుంచీ యూనివర్సిటీలదే, కాబట్టి లాటరీ లేకుండా వచ్చింది. ప్రైవేట్ క్లబ్బుకి మారాలంటే మీరు కూడా కొత్తవాళ్లతో కలిసి లాటరీలో నిలబడాలి. ఐ-140 ఉన్నా ఆ లాటరీ తప్పదు. మూడు వారాల గడువులో తేలే వ్యవహారం కాదది.

పెద్ద యూనివర్సిటీ పిలుపు గురించి ఎక్కువ మాట్లాడుకోవాలి. దాని బలం జీతం కాదు. కాలేజీ ఆటగాళ్లకి డబ్బు చెల్లించడం మీద నడిచిన హౌస్ కేసులో ఒప్పందాన్ని 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక అందులో చేరిన యూనివర్సిటీలకి పాత స్కాలర్‌షిప్ పరిమితి పోయింది. జట్టులో పది మందిని పెట్టుకోవచ్చు, డబ్బుంటే పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. చేరని కాలేజీలు పాత నాలుగున్నరతోనే నెట్టుకురావాలి. మీది చేరలేదని రాశారు. అంటే మొదటి రౌండ్లో మీకు ఎదురుపడే జట్టుకీ మీకూ ఉన్న దూరం ఇప్పుడు ఇంకా పెరిగిందన్నమాట. మీ నేర్పు ఎంత పెరిగినా పూడని గొయ్యి అది. అలాంటి జట్టుని నడిపి చూడాలనే కోరిక ఉంటే, అది అత్యాశ కాదు.

బలహీనత ఎక్కడుందంటే "కుర్చీ నీదే" అన్న మాటలో. ఆ మాట అన్నది ఎవరు? హెడ్ కోచ్. ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలో నిర్ణయించేది ఎవరు? యూనివర్సిటీ ఆటలన్నిటికీ పెద్ద అయిన అథ్లెటిక్ డైరెక్టర్. రెండేళ్ల తర్వాత ఆ డైరెక్టరే ఉంటాడన్న నమ్మకం లేదు. హెడ్ కోచ్‌కి కూడా అరవై రెండేళ్లప్పుడు రిటైరవ్వాలనిపిస్తుంది, ఆ ఏడు మంచి జట్టు తయారైతే ఇంకొక్క సీజన్ చూద్దాం అనిపిస్తుంది. ఇందులో మోసం లేదు, మనిషి స్వభావం అంతే.

వారసత్వం నడిచిన చోట్లు లేకపోలేదు. జార్జియా యూనివర్సిటీలో డాన్ మగిల్ 1988లో తప్పుకుంటే, ఆయన దగ్గర ఆడి, ఆయనకే సహాయకుడిగా చేసిన మాన్యుయెల్ డియాజ్ కుర్చీ ఎక్కి 2024 దాకా ఉన్నాడు, నాలుగు జాతీయ టైటిళ్లు తెచ్చాడు. స్టాన్‌ఫర్డ్ మహిళల జట్టులో ఫ్రాంక్ బ్రెన్నన్ పది టైటిళ్లు గెలిచి దిగితే, ఆయన సహాయకురాలు లేలే ఫరూద్ ఇంకో పది గెలిచింది. కానీ గమనించారా, ఆ ఇద్దరూ ఆ ఇంటి పిల్లలే, అక్కడే చదివి అక్కడే ఆడినవాళ్లు. మీరు బయటి నుంచి వెళ్తున్నారు. పైగా ఎదురుచూసి కుర్చీ అందనివాళ్ల పేర్లు మనకెవరికీ తెలియవు, వాళ్ల గురించి ఎవరూ రాయరు. మంచి ఉదాహరణలే చేతికి దొరుకుతాయి కనక ఈ విషయంలో నన్ను కూడా పూర్తిగా నమ్మకండి.

కాబట్టి వెళ్లదలిస్తే మాట కాగితం మీదకి రావాలి. వారసుడు మీరేనని డైరెక్టర్ సంతకంతో రాసివ్వమనండి. అలా రాయలేమంటే, ఫలానా తేదీకి కుర్చీ ఇవ్వకపోతే మీకు ఇంత చెల్లించాలన్న షరతు అడగండి. అదీ కుదరదంటే, వాళ్లు మిమ్మల్ని మంచి అసిస్టెంట్‌గానే కోరుకుంటున్నారని అర్థం. అప్పుడూ వెళ్లొచ్చు, కానీ ఆ సంగతి తెలిసి వెళ్లాలి. హెడ్ కోచ్‌గా మీ గెలుపోటముల పద్దు అక్కడితో ఆగిపోతుంది. నలభైలో ఆగిన పద్దు నలభై మూడులో మళ్లీ తెరుచుకుంటుందా అన్నది మీరు వేసుకోవలసిన లెక్క.

కాగితాల మాట వచ్చింది కాబట్టి గ్రీన్ కార్డు. యూనివర్సిటీ నుంచి యూనివర్సిటీకి మారడానికి లాటరీ అడ్డు రాదు. వరసలో మీ పాత తేదీ కూడా పోదు. కానీ కొత్త యాజమాన్యం లేబర్ సర్టిఫికేషన్ (ఆ పనికి తగిన అమెరికన్ దొరకలేదన్న ధ్రువీకరణ) నుంచి ఐ-140 దాకా మళ్లీ మొదలుపెట్టాలి. అసోసియేట్ పదవికి వాళ్లు ఆ ఖర్చు, తిప్పలు పడతారా? ఎప్పుడు మొదలుపెడతారు? అది కూడా ఆఫర్ లెటర్లో ఉండాలి. మీ ఆవిడ వర్క్ పర్మిట్ మీ ఐ-140 మీదే నిలబడి ఉంది, అందుకే సంతకం పెట్టేముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. ఆవిణ్ని కూడా తీసుకెళ్లండి. "ఎక్కడికైనా సరే" అన్న మనిషికి లాయర్ ముందు కొన్ని ప్రశ్నలు పుడతాయి, చూడండి. ఆసుపత్రి ల్యాబ్‌లో ఆవిడ సీనియారిటీ ఏమవుతుంది? పాప స్కూలు మారాక వయొలిన్ క్లాసు ఎక్కడ? సీజన్లో మీరు వారంలో ఎన్ని రాత్రులు బస్సులో ఉంటారో ఆవిడకి తెలుసు. పెద్ద జట్టంటే ఆ రాత్రులు తగ్గవు.

హైదరాబాద్ అకాడమీ గురించి నాకు కాస్త అనుమానం. మీ పరిచయస్తుల్ని తప్పుపట్టడం లేదు. కానీ మన దగ్గర ఈ మధ్య అకాడమీ అనే మాట చాలాసార్లు గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్లో నాలుగు కోర్టుల బొమ్మగా మొదలై అక్కడే ఆగిపోతోంది. స్థలం ఎవరి పేర ఉంది, లీజు ఎన్నేళ్లు, మొదటి మూడేళ్లు మీ జీతం ఫీజుల నుంచి వస్తుందా పెట్టుబడి నుంచి వస్తుందా, ఫ్లాట్లన్నీ అమ్ముడయ్యాక కూడా కోర్టులు ఉంటాయా? ఇవి అడిగితే మొహమాటం పోతుంది, నిజం తెలుస్తుంది. సరైన చోటైతే మీ అనుభవానికి అక్కడ విలువ చాలా ఉంది. విశాఖ కుర్రాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడే పైకొచ్చాడు. వర్జీనియా యూనివర్సిటీలో ఆడిన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2007, 2008ల్లో వరసగా కాలేజీ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. ఆ దారి ఎలా ఉంటుందో, ఎవరు ఏ కోచ్‌కి ఎప్పుడు రాయాలో, ఎంత ఆట ఉంటే ఎంత స్కాలర్‌షిప్ వస్తుందో లోపలి నుంచి తెలిసినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? కాలేజీ కోచ్ పని కాలేజీలోనే ముగియాలని కూడా లేదు. 2003లో ఇల్లినాయ్ యూనివర్సిటీ జట్టుని ఒక్క ఓటమీ లేకుండా జాతీయ విజేతగా నిలిపిన క్రెయిగ్ టైలీ (మన మూలాలున్న రాజీవ్ రామ్ ఆ జట్టులోనే ఆడాడు) తర్వాత టెన్నిస్ ఆస్ట్రేలియాకి అధిపతి అయ్యాడు.

అయినా ఒక ప్రశ్న. హైదరాబాద్ అనగానే మీకు గుర్తొస్తున్నది అకాడమీయా, నాన్నగారా? నాన్నగారే అయితే ఉద్యోగం మారకుండానే చేయగలిగినవి ఉన్నాయి. జాతీయ టోర్నీ మేలో ముగుస్తుంది. వేసవిలో రిక్రూటింగ్ ప్రయాణాలు తగ్గించుకుని ఆరు వారాలు విజయవాడలో ఉండొచ్చేమో మీ డైరెక్టర్‌ని అడిగారా? ఐదు టైటిళ్లు తెచ్చిన మనిషి అడగదగ్గ మాటే అది. ఆరు వారాలు ఆయన పక్కన ఉన్నాక కూడా ఇక్కడే ఉండిపోవాలనిపిస్తే అప్పుడు అకాడమీ సంగతి చూడొచ్చు. వీసా ముద్ర గడువు, కాన్సులేట్ అపాయింట్‌మెంటు చూసుకుని బయల్దేరండి.

ఉన్నచోటే ఉండటం. బ్రయన్ బోలండ్ వర్జీనియా యూనివర్సిటీలో 2001లో కోచ్‌గా చేరాడు. 2011లో, 2012లో ఫైనల్ దాకా వెళ్లి రెండుసార్లూ యూఎస్సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) చేతిలో ఓడాడు. మొదటి టైటిల్ 2013లో వచ్చింది, ఆ తర్వాత 2015 నుంచి మూడేళ్లు వరసగా. ఓపిక ఫలించింది, నిజమే, కానీ వర్జీనియాకి డబ్బుంది. మీ దగ్గర ఓపికకి అలాంటి ఆసరా ఉందో లేదో తెలుసుకోకుండా ఓపిక పట్టొద్దు. 2020 కోవిడ్ ఏడాదిలో చాలా కాలేజీలు ముందు తీసేసిన ఆటల్లో టెన్నిస్ ఉంది. పుకారుని పుకారుగా వదిలేయకుండా నేరుగా అడగండి: మూడేళ్ల బడ్జెట్ ఏమిటి, నాకు ఎన్నేళ్ల కాంట్రాక్టు ఇస్తారు, పూర్వ విద్యార్థుల చందాలతో జట్టుకి శాశ్వత నిధి పెట్టడానికి ఒప్పుకుంటారా. చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నప్పుడే ఈ ప్రశ్నలకి సూటి జవాబులొస్తాయి. ఇలా అడగడం బెదిరింపు కాదు. కాకపోతే ఒక్కసారే పనిచేస్తుంది, ఏడాదికోసారి చేస్తే పరువు పోతుంది.

రాజమండ్రి కుర్రాడి గురించి. వెళ్తే వాణ్ని కూడా తీసుకెళ్లనా అన్నారు. వాడు పెద్ద యూనివర్సిటీ పదిమందిలో పట్టేవాడైతే నాకు అభ్యంతరం లేదు, వాడికీ ఉండదు. కానీ వాడు మీ జట్టులో ఐదో నంబరని మీరే రాశారు. అక్కడ మిగిలిన ఏళ్లన్నీ బెంచీ మీద కూర్చోబెట్టి మాట నిలబెట్టుకున్నాననుకుంటే అది మీ మనశ్శాంతి కోసం చేసిన పని అవుతుంది. మీరు వాళ్ల నాన్నకి ఇచ్చిన మాటకి నిజమైన అర్థం పిల్లాడు దిక్కులేనివాడు కాకూడదని. హెడ్ కోచ్ మారినప్పుడు ఆటగాళ్లకి బదిలీకి ప్రత్యేక గడువిస్తారు, వాడికి ఆ దారి ఉంది. మీరు చేయాల్సింది: కొత్త కోచ్ వాడి స్కాలర్‌షిప్‌ని ముట్టుకోకుండా రాతపూర్వకంగా ఏముందో చూడటం, ఎక్కడికి వెళ్లాలన్నా సిఫారసు రాయడం, ఆ తండ్రికి తెలుగులో, మీ నోటితో, వార్త బయటికి రాకముందే చెప్పడం.

ఇప్పుడు "వాడు" దగ్గరికి వద్దాం. ఏడు చోట్ల రాశారు కదా. ఇరవై ఒకటేళ్లవాడు పెద్ద జట్టు, పెద్ద స్కాలర్‌షిప్, మంచి కోర్టులు చూసి వెళ్లాడు. మీరు దాన్ని ద్రోహం అన్నారు. నలభై ఏళ్ల మీరు ఇప్పుడు అదే జట్టు, అదే కారణాలు చూసుకుని వెళ్లనా అని నన్నడుగుతున్నారు. మీరు నిద్రపోకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదే. వెళ్తే వాడు చేసింది తప్పు కాదని ఒప్పుకోవాలి. వెళ్లకపోతే, వాడికి మీరే జవాబన్నట్టు జీవితమంతా అక్కడే నిలబడాలి. రెండూ వాడి చుట్టూ తిరిగే నిర్ణయాలే. ఆ ముడి విప్పుకోకుండా ఏ కాగితం మీద సంతకం పెట్టినా చెయ్యి వణుకుతుంది.

దానికి తోడు ఇంకొకటి తట్టలేదా మీకు? ఆ హెడ్ కోచ్ గురించి లోపలి నుంచి తెలిసినవాడు, మీ గురించి కూడా తెలిసినవాడు భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ కోచ్ ఓడిన రోజు బస్సులో ఎలా ఉంటాడు? అసిస్టెంట్ల మాట వింటాడా, బంతులు ఏరిస్తాడా? రిటైర్మెంటు మాట జట్టు ముందు ఎప్పుడైనా ఎత్తాడా? ఇంటర్వ్యూలో డైరెక్టర్ చెప్పని సంగతులివి. రెండేళ్లుగా మీరు ఎత్తని ఆ ఫోన్ నంబరులో ఉన్నాయి.

చేయండి. ముందు భుజం నొప్పి ఎలా ఉందో అడగండి, మూడేళ్లు దానికి ఐసు పెట్టింది మీరే కదా. ఉద్యోగం సంగతి రెండో ఫోన్లో అడగొచ్చు. గడువు ఇంకా మూడు వారాలుంది.